ఒకటో క్లాసు మిషను

రాధాకృష్ణమూర్తిలో ఒక గొప్ప గుణం ఉంది. తెలియని విషయం ఎదురైతే ఆయన తడబడడు. తెలిసిన విషయంకన్నా ఎక్కువ ధీమాగా మాట్లాడతాడు. మార్కాపురంలో తాతలనాటి పలకల అంగడిని ఇన్నాళ్లూ నిలబెట్టింది ఆ ధీమాయేనని ఆయన నమ్మకం. ఆ ధీమాను భరించిన తానే నిలబెట్టానని ఆయన భార్య సావిత్రి నమ్మకం. ఇద్దరివీ నిజాలే కావచ్చు.

ఒకప్పుడు ఆ అంగడి ముందు లారీలు ఆగేవి. రాతిపలకలకు చెక్క చట్రాలు బిగించి, పెట్టెల్లో గడ్డి వేసి సర్ది, ఎక్కడెక్కడి ఊళ్లకో పంపేవాళ్లు. తర్వాత ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఆ తర్వాత పలకలే అక్కర్లేని ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఆ అంగడికి తప్పకుండా వచ్చే మనిషి ఒక్కడే. అతను పక్క వీధిలోని సెల్‌ఫోన్ల షోరూం ఓనరు. "ఎప్పుడు ఖాళీ చేస్తావు శెట్టీ?" అని అడుగుతాడు, సావిత్రి ఇచ్చిన కాఫీ తాగుతాడు, గోడల కొలతలు కళ్లతోనే తీసుకుని పోతాడు. అతను పోయిన ప్రతిసారీ రాధాకృష్ణమూర్తికి ఆ పూట అన్నం సయించదు.

అందుకే పోయిన ఏడాది లేజర్ మిషను కొన్నాడు. వెలుగుతో రాయిమీద రాసే మిషను అది. ఇంటి పేరు కావాలన్నా, దేవుడి బొమ్మ కావాలన్నా, బైబిలు వాక్యం కావాలన్నా కంప్యూటర్‌లో పెడితే చాలు, నల్లరాతి పలకమీద తెల్లగా దిగుతుంది. దాన్ని నడపడానికి కంప్యూటర్ నేర్చుకున్న ఫెబీని పెట్టుకున్నాడు. ఫెబీ ఎవరో కాదు, ఆయన తండ్రి కాలంలో అదే అంగడిలో ముప్పై ఏళ్లు పలకరాయి కోసిన దేవదానం కూతురు. మొదటిరోజు కూతురిని దిగబెట్టడానికి వచ్చిన దేవదానం, దగ్గు ఆపుకుంటూ మిషనువంక అనుమానంగా చూశాడు.

"పాపకేం కాదు గదా శెట్టిగారూ?" అని అడిగాడు.

"అయ్యేదేముంది దేవదానం? దుమ్మా, ధూళా? ఉత్త వెలుతురే గదా!" అన్నాడు రాధాకృష్ణమూర్తి, తన గొప్ప గుణం ప్రకారం.

మిషను వచ్చినప్పుడు దానిమీద నారింజరంగు ప్లాస్టిక్ మూత ఒకటి ఉండేది. పెద్ద పెట్టెలాంటి మూత, ఇవతలినుంచి అవతలికి కనిపిస్తుంది. కానీ దానిగుండా చూస్తే లోపల నీలం వెలుగు మసకచుక్కలాగా ఉండేది. పలక చేయించుకోవడానికి వచ్చినవాళ్లు, "ఏంది శెట్టీ, దీపం కొండెక్కిందా?" అని నవ్వారు. అంగడికి జనం రావాలంటే తమాషా కనపడాలి గదా! రాధాకృష్ణమూర్తి ఆ మూత ఊడదీయించాడు. మూత తీస్తే మిషను నడవనని మొండికేసింది. అప్పుడు ఎలక్ట్రీషియన్ బ్రహ్మం వచ్చి తల గోక్కుని, మూతకు ఉన్న చిన్న అయస్కాంతాన్ని ఊడబీకి, మిషను అంచున ఉన్న స్విచ్చి పక్కన టేపుతో అతికించాడు. మూత ఇంకా తన నెత్తిమీదే ఉందనుకుని మిషను మళ్లీ నడవసాగింది. మిషన్నే బురిడీ కొట్టించిన బ్రహ్మాన్ని రాధాకృష్ణమూర్తి భుజం తట్టి మెచ్చుకున్నాడు.

ఆ రోజునుంచీ నీలం వెలుగు చర్రుచర్రుమంటూ రాయిమీద ఆడుతుంటే రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మూతను సావిత్రి మేడమీదికి తీసుకుపోయింది. మిషనుతోపాటు వచ్చిన రెండు జతల రంగు కళ్లద్దాలను రాధాకృష్ణమూర్తి షోకేసులో వాసవమ్మ పటం పక్కన పెట్టి తాళం వేశాడు. అంత మంచి అద్దాలు రోజూ వాడితే గీతలు పడతాయని ఆయన బాధ. ఫ్లెక్సీ బ్యానరు కోసం ఫొటో దిగేటప్పుడు మాత్రం ఒక జత తీసి నెత్తిమీద పెట్టుకున్నాడు.

మూత ఊడదీసినప్పుడు లోపలినుంచి ఒక పసుపుపచ్చని స్టిక్కరు బయటపడింది. దానిమీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో 'క్లాస్ 4' అని ఉంది. చూసి రాధాకృష్ణమూర్తి మీసం దువ్వుకున్నాడు. మనం కొన్నది సామాన్యమైన మిషను కాదు, ఏకంగా నాలుగో క్లాసు అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఇలా సాగుతుండగా బెంగళూరు కంపెనీ ఒకటి అడిగిన వస్తువు ఆయన నెత్తిన పాలుపోసింది. చిన్నపిల్లలు వేలుపెట్టి దిద్దుకునేందుకు, అక్షరాలు గాడిగా చెక్కిన రాతిపలకలు కావాలట. మచ్చుకు పంపిన పలక వాళ్లకు నచ్చింది. ఆర్డరు ఖాయమైతే ఏడాది పొడుగునా పని ఉంటుంది, మళ్లీ అంగడి ముందు లారీ ఆగుతుంది, సెల్‌ఫోన్ల ఓనరు కాఫీ ఇంకెక్కడైనా తాగాల్సి వస్తుంది. ఆ రాత్రి రాధాకృష్ణమూర్తి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. చేసినామె పేరు సుప్రియ. సరుకు తయారయ్యే చోట పనిచేసేవాళ్లకు ప్రమాదం లేకుండా ఉందో లేదో చూడటం ఆమె ఉద్యోగం.

"సార్, మీ లేజర్ మిషన్ ఏ క్లాసు?" అని అడిగింది.

"నాలుగో క్లాసమ్మా!" అన్నాడు రాధాకృష్ణమూర్తి గొంతు సవరించుకుని. "ఒకటీ రెండూ మూడూ ఎప్పుడో దాటేసినాది."

"నాలుగైతే కుదరదు సార్. క్లాస్ వన్ ఉండాలి. అది రూలు. వచ్చే సోమవారం నేనే వచ్చి చూస్తాను. అప్పటికి క్లాస్ వన్ లేకపోతే ఆర్డర్ ఇంకో చోటికి పోతుంది."

ఫోను పెట్టేసి ఆయన చాలాసేపు ఆలోచించాడు. నాలుగో క్లాసు ఉండగా ఒకటో క్లాసు అడగడమేమిటి? డిగ్రీ చదివినవాడిని కాదని బడి ముఖం చూడనివాడికి ఉద్యోగం ఇచ్చినట్టు! చివరికి తలుపు తెరుచుకున్నట్టు ఆయనకు అర్థమైంది.

"ఇది విన్నావా సావిత్రీ? పలకలు ఒకటో క్లాసు పిలకాయలకు గదా. అందుకని మిషను గూడా ఒకటో క్లాసుదే ఉండాలంటుండారు. బెంగళూరోళ్లకు అన్నీ పట్టింపులే!"

"పిలకాయలు రెండో క్లాసుకు పోతే మళ్లీ మిషను మార్చాలా ఏంది?" అంది సావిత్రి.

మిషను అమ్మిన డీలరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తినా కొత్త మిషను కొనే తాహతు లేదు. శనివారానికి ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు బ్రహ్మమే మళ్లీ దారి చూపాడు.

"దీనికింత దిగులెందుకు మామా? నాలుగు అని ఉండే స్టిక్కరు గీకేసి, ఒకటి అని కొత్తది అతికిద్దాం. ఫ్లెక్సీ షాపోడు గంటలో కొట్టిస్తాడు. నంబరే గదా!"

రాధాకృష్ణమూర్తి గుండెలో ఏదో ముల్లు గుచ్చుకుంది. కొలతలో మోసం లేదని పేరున్న అంగడి అది. కానీ గోడలవంక చూశాడు. సెల్‌ఫోన్ల ఓనరు కళ్లు అక్కడ ఇంకా కొలుస్తున్నట్టే అనిపించింది. "సరే, కొట్టించుకొని రాపో," అన్నాడు నేలవైపు చూస్తూ.

బ్రహ్మం బండి వీధి మలుపు తిరిగిందో లేదో, మేడమీదినుంచి సావిత్రి కేక వినపడింది.

"ఏమయ్యో, మబ్బు కమ్మింది! రా, వడియాలు!"

పొద్దుటినుంచి మాడ్చిన ఎండ ఉన్నట్టుండి ముఖం చాటేసింది. గాలి లేచింది. రాధాకృష్ణమూర్తి, ఆయన వెనక ఫెబీ మెట్లెక్కి పరుగెత్తారు. మేడమీద తెల్లటి చీర పరిచి సావిత్రి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. కాకులు ముట్టకుండా వాటిమీద నారింజరంగు మూత బోర్లించింది. ఏడాదిగా ఆ మూత కింద ఎండని వడియం లేదు, ఎండని ఒరుగు లేదు. లోపల వేడి నిలిచి ఒక్క ఎండకే గలగలమంటాయని సావిత్రి వీధంతా చెప్పుకుంది కూడా.

సావిత్రి, ఫెబీ కలిసి చీర చుట్టబెడుతుంటే టపటపా చినుకులు మొదలయ్యాయి. రాధాకృష్ణమూర్తి మూతను రెండు చేతులా ఎత్తి గొడుగులాగా నెత్తిమీద పట్టుకున్నాడు. తలెత్తి చూస్తే ముక్కుకు జానెడు దూరంలో, ఎండిన పిండిమరకల మధ్య, తిరగబడిన ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. మూతను అటూ ఇటూ తిప్పి, కళ్లు చికిలించి చదివాడు.

క్లాస్ 1.

"సావిత్రీ!" అని ఆయన అరిచిన అరుపుకు పిడుగు పడిందేమోనని ఆమె చీరతో సహా కూలబడింది. "ఒకటో క్లాసు! మన ఇంట్లోనే ఉండాది! నీ వడియాల నెత్తిన ఉండాది!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆయనకు ఆ వానలో తెలిసొచ్చింది. ముగ్గురూ తడుస్తూనే మూతను కిందికి దించారు. ఫెబీ మూతమీది చిన్నక్షరాలు చదివింది. మూత వేసి ఉన్నంతసేపు మిషను ఒకటో క్లాసట. మిషనుమీది పసుపు స్టిక్కరుకు అడుగున కూడా చీమతలల్లాంటి అక్షరాలున్నాయి. మూత తీస్తే అదే మిషను నాలుగో క్లాసట. ఆ నంబర్ల సంగతేంటో ఆమె, రాధాకృష్ణమూర్తి కలిసి ఫోనులో వెతికారు. ఆ నంబరు చదువు కాదు, ప్రమాదం. ఒకటైతే పసిపిల్లలున్న ఇంట్లో పెట్టుకున్నా భయం లేదు. నాలుగైతే దాని వెలుగు రాయిమీద పడి తుళ్లి కంట్లో పడినా చాలు, కన్ను పోవచ్చు.

"అంటే ఇన్నాళ్లూ నేను అందరికీ మీసం దువ్వి చూపించింది..." అని ఆగిపోయాడు.

అప్పుడే బ్రహ్మం కొత్త స్టిక్కరుతో వచ్చాడు. రాధాకృష్ణమూర్తి దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు. "అది నీ బండికి అతికించుకో నాయనా. ముందు ఆ అయస్కాంతం ఎక్కడినుంచి పీకినావో అక్కడే పెట్టు," అన్నాడు.

బ్రహ్మం మూత బిగించాడు. సావిత్రి మాత్రం, ఇంకో ఎండ తగలాల్సిన వడియాల గతేమిటని సాయంత్రందాకా సణిగింది. చివరికి పాత దోమతెర ఇచ్చి ఒప్పించారు. పోతూపోతూ బ్రహ్మం కన్నుగీటి, "ఆ మేడం పోయినాక చెప్పు మామా, వచ్చి తీసేస్తా. వెలుగు కనపడకపోతే నీ అంగడి ముందు ఎవుడాగుతాడు?" అన్నాడు. నిజం చెప్పాలంటే రాధాకృష్ణమూర్తి మనసులోనూ అదే ఉంది.

సోమవారం సుప్రియ వచ్చింది. చూడటానికి చిన్నపిల్ల, చూపు మాత్రం పోలీసు చూపు. మూత చుట్టూ తిరిగింది, తట్టింది, వైర్లు చూసింది. ఫెబీ పలక పెట్టి మిషను నడిపింది. 'అ' అనే అక్షరం గాడిగా దిగడం మొదలైంది. సగం దిగిందో లేదో సుప్రియ చెయ్యి చాపి గభాలున మూత ఎత్తింది.

మిషను టక్కున ఆగిపోయింది.

రాధాకృష్ణమూర్తి ప్రాణం కూడా దాంతోపాటే ఆగింది. "అయ్యయ్యో! ఎన్నడూ ఇట్ల ఆగలేదమ్మా! కరెంటు పోయినట్టుండాది. ఫెబమ్మా, చూడు చూడు! ఇది మంచి మిషనమ్మా, ఏడాదిగా ఒక్కసారన్నా ఆగలేదు!"

"ఆగాలి సార్," అంది సుప్రియ నవ్వు ఆపుకుంటూ. "మూత తెరిస్తే ఆగడమే దీని పని. ఆగింది గనుక పాసయింది."

ఆగితే పాసయ్యే పరీక్ష ఆయన జన్మలో చూడలేదు. ముఖం వెలిగిపోయింది. మరుక్షణమే ఆరిపోయింది కూడా, ఎందుకంటే సుప్రియ మూత లోపలి మూలనుంచి గోటితో ఏదో ఊడదీసింది. తెల్లగా, పల్చగా, గుండ్రంగా ఉంది. దాన్ని వాసన చూసింది.

"ఇదేంటి సార్?"

గడపలో నిలబడ్డ సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుప్రియ ఫెబీవైపు తిరిగింది. "మీరు పనిచేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటారా?"

ఫెబీ ఒక్క క్షణం రాధాకృష్ణమూర్తివంక చూసింది. "పెట్టుకుంటా మేడం. రోజూ పెట్టుకుంటా," అంది.

"ఏవీ, చూపించండి."

రాధాకృష్ణమూర్తి మొలతాడుకున్న తాళంచెవి తీసి, షోకేసు తెరిచి, వాసవమ్మకు మనసులోనే దండం పెట్టుకుని కళ్లద్దాలు తెచ్చాడు. సుప్రియ రెండు జతలూ వెలుతురుకు పెట్టి చూసింది. కొత్త వస్తువులమీద ఉండే పల్చటి కవరు అద్దాలకు ఇంకా అతుక్కునే ఉంది.

ఫెబీ తల దించుకుంది. ఆ దించుకున్న తల చూసేసరికి రాధాకృష్ణమూర్తికి ఒళ్లంతా సిగ్గుగా అనిపించింది. ఆ పిల్ల అబద్ధం ఆడింది తన కోసం, పోతే పోయేవి మాత్రం ఆ పిల్ల కళ్లు. ఇంతకన్నా చవకబేరం ఏ వ్యాపారీ చేసి ఉండడు.

"అమ్మా, ఆ బిడ్డ నా కోసం అబద్ధం చెప్పింది," అన్నాడు. గొంతులో ఎప్పటి ధీమా లేదు. "మూత ఏడాదిగా మేడమీద ఉండాది. జనం చూడాలని నేనే తీయించినా. నీ చేతిలోది మా ఇంటామె పెట్టిన వడియం. కళ్లద్దాలు గీతలు పడతాయని నేనే తాళమేసినా. ఆర్డరు ఇచ్చేది ఇవ్వకపోయేది నీ ఇష్టం. తప్పంతా నాది."

"ఏడాదా?" అంది సుప్రియ. ఫెబీని దగ్గరికి పిలిచి, కళ్లలోకి చూస్తూ, "మంటగా ఉంటుందా? నీళ్లు కారతాయా?" అని అడిగింది.

"సాయంత్రానికి మండేవి. తెల్లగోడ చూస్తే మచ్చలాగా కనపడేది. మూత పెట్టినప్పటినుంచీ ఏం లేదు," అంది ఫెబీ.

"నాకెప్పుడూ చెప్పలేదేందమ్మా?" అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"పని పోతాదేమోనని పెదనాయనా."

"ముందు కళ్ల డాక్టరు దగ్గర చూపించండి," అంది సుప్రియ. "కాగితం మీద సంతకం తర్వాత. రేపటిదాకా నేను మార్కాపురంలోనే ఉంటాను."

ఆ మధ్యాహ్నమే కళ్లాసుపత్రికి పోయారు. కబురు తెలిసి దేవదానం కూడా వచ్చాడు. ఫెబీ లోపల ఉంది. బయట బల్లమీద యజమాని, పాత కూలీ పక్కపక్కన కూర్చున్నారు. దేవదానం దగ్గుతున్నాడు. ఆ దగ్గు రాధాకృష్ణమూర్తికి కొత్తది కాదు, చిన్నప్పటినుంచీ విన్నదే. కానీ ఆ బల్లమీద కూర్చుని విన్నప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్లకింద ఎవరో ఆఫీసర్లు వచ్చి, రాయి కోసేవాళ్లు ముక్కుకు కట్టుకోవాలని తెల్లగుడ్డలు ఇచ్చిపోయారు. తెల్లటివి, దుమ్ముకు మాసిపోతాయని తన నాయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అవి ఎంతకాలమో మల్లెపూవుల్లా అలాగే ఉన్నాయి.

"దేవదానం," అన్నాడు.

"ఏం కాదులే శెట్టిగారూ," అన్నాడు దేవదానం. ఆయననే ఓదార్చాడు.

తలుపు సందులోనుంచి ఫెబీ గొంతు వినపడుతోంది. గోడమీది తెలుగు అక్షరాలు ఒక్కో కన్ను మూసుకుని చదువుతోంది. పెద్దవి అయ్యాయి, నడిమివి అయ్యాయి, చిన్నవి మొదలయ్యాయి. ఆఖరి వరుస దగ్గర ఆమె ఒక్కసారి ఆగింది. బయట రాధాకృష్ణమూర్తి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆర్డరూ, లారీ, సెల్‌ఫోన్ల ఓనరూ ఏవీ ఆయనకు ఆ క్షణాన గుర్తులేవు. ఫెబీ ఊపిరి తీసుకుని ఆఖరి వరుస కూడా చివరిదాకా చదివింది.

కాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. మందు వేసి లోపలిదాకా చూశానన్నాడు. "అదృష్టం బాగుంది. రెండు కళ్లూ ఫస్ట్ క్లాస్," అన్నాడు.

రాధాకృష్ణమూర్తి ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఒకటో క్లాసు, దేవదానం! మన పాపవి ఒకటో క్లాసు కళ్లు!" అని ఆసుపత్రంతా వినపడేలా అన్నాడు. ఇందులో అంత నవ్వడానికీ ఏడవడానికీ ఏముందో డాక్టరుకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే సుప్రియ సంతకం పెట్టింది. చెప్పకుండా మళ్లీ వస్తానని, వచ్చినప్పుడు మూత మేడమీద కనపడితే ఊరుకోనని చెప్పింది. పోయేటప్పుడు సావిత్రి పెట్టిన వడియాల పొట్లం మాత్రం కాదనలేదు. తమది ఆ దగ్గరలోని పొదిలేనని, ఇంత మంచి వడియాలు బెంగళూరులో దొరకవని అప్పుడు బయటపెట్టింది.

మరుసటి రోజు బ్రహ్మం స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ వచ్చాడు. "మేడం పోయినాది గదా మామా, మూత తీసేద్దునా?"

రాధాకృష్ణమూర్తి అతని చేతిలోని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. షోకేసు తెరిచి, కళ్లద్దాలు ఉండిన చోట, వాసవమ్మ పటం పక్కన దాన్ని పెట్టి తాళం వేశాడు.

"అదేంది మామా, నా స్క్రూడ్రైవరు!"

"అక్కడే ఉండనీలే నాయనా. వాడితే గీతలు పడతాయి," అన్నాడు.

కవరు ఒలిచిన కళ్లద్దాలు పెట్టుకుని ఫెబీ మూత దించింది. మసకచుక్క కదలడం మొదలైంది. నిన్న సగంలో ఆగిన 'అ' ఇవాళ పూర్తిగా దిగింది.